స్పీకర్లకు వైరు వేయించాలా, వైర్‌లెస్ కొనాలా?

ఈ నెల అందిన ఉత్తరాలలో ఇంటి స్పీకర్ల గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. వాటిలో విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన అయిదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. కొత్త ఇల్లు కడుతున్నవారి ప్రశ్నకు గడువు దగ్గర పడుతున్నందున దానితోనే మొదలుపెడుతున్నాము.

ప్రశ్న: పటమటలో మా ఇంటిపైన రెండో అంతస్తు వేస్తున్నాము. గోడలు లేచాయి, మరో రెండు వారాల్లో ప్లాస్టరింగ్ మొదలవుతుంది. హాలు 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు ఉంటుంది. టీవీకి ఇరుపక్కలా రెండు, సోఫా వెనుక రెండు స్పీకర్లు పెట్టుకోవాలని ఉంది. ఎలక్ట్రీషియన్ ఇప్పుడే గోడలో వైర్లు లాగించమంటున్నాడు. మా అబ్బాయి మాత్రం, ఇప్పుడన్నీ వైర్‌లెస్ అయిపోయాయి, గోడలు చెక్కించడం ఎందుకు నాన్నా అంటున్నాడు. నేను కర్ణాటక సంగీత కచేరీలు వింటాను, ఇంట్లో మిగిలినవారు సినిమాలు చూస్తారు. ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఎలక్ట్రీషియన్ మాట వినండి. మీ అబ్బాయి చెప్పినదానిలోనూ నిజం లేకపోలేదు గానీ, అది మీ హాలుకు వర్తించదు. కారణాలు కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

వైర్‌లెస్ స్పీకరు అనగానే దానికి వైరే ఉండదని చాలామంది అనుకుంటారు. పాట గాలిలో వస్తుంది గానీ కరెంటు గాలిలో రాదు. బ్యాటరీతో నడిచే చిన్న స్పీకర్లను పక్కన పెడితే, సోఫా వెనుక నిలబెట్టే ప్రతి వైర్‌లెస్ స్పీకరుకూ అక్కడే ఒక ప్లగ్గు పాయింటు కావాలి, అంటే 230 వోల్టుల లైను అక్కడిదాకా గోడలో వెళ్ళవలసిందే. దీనికి భిన్నంగా, ఆంప్లిఫయర్‌కు (ధ్వని బలం పెంచే పెట్టెకు) కలిపే మామూలు స్పీకరుకు ప్లగ్గు అక్కరలేదు. దానిని మోగించే శక్తి, పాట రెండూ ఒకే జత వైర్లలో వెళతాయి. కాబట్టి మీరు గోడ చెక్కించడం ఎటూ తప్పదు. ఆ గాడిలో కరెంటు లైను వేయడమా, స్పీకరు వైరు వేయడమా అన్నదే అసలు ప్రశ్న.

ఇక ధ్వని నాణ్యత విషయం. సీడీలో పాట ఎలా ఉంటుందంటే, సెకనుకు 44,100 సార్లు కొలిచిన ధ్వనిని ఒక్కొక్కసారీ 16 బిట్లలో, రెండు ఛానళ్ళకు విడివిడిగా రాసి ఉంచుతారు. లెక్క వేస్తే సెకనుకు 14 లక్షల పైచిలుకు బిట్లు అవుతాయి. బ్లూటూత్‌లో అన్ని పరికరాలకూ ఉమ్మడిగా ఉండే ఎస్‌బీసీ అనే కుదింపు పద్ధతి సాధారణంగా సెకనుకు 3.28 లక్షల బిట్ల వరకే పంపుతుంది. ఎల్‌డ్యాక్ అనే పద్ధతిలో 9.9 లక్షల వరకు వెళ్ళగలదు గానీ, అది ఫోనులోనూ స్పీకరులోనూ రెండింటా ఉండాలి, సిగ్నలు బలంగా అందాలి. మీరు ఫోనులోని యాప్ నుంచి వింటున్నప్పుడు అప్పటికే ఒకసారి కుదించిన పాటను బ్లూటూత్ మళ్ళీ కుదిస్తుంది. ఈ తేడా ప్రతి పాటలోనూ అందరికీ వినబడుతుందని నేను చెప్పను. నడుస్తూ, వంట చేసుకుంటూ వినేవారికి తెలియనే తెలియదు. కానీ మీరు కచేరీలు వింటానన్నారు. తంబూరా శ్రుతి వెనుక నిలకడగా సాగుతూ ఉండగా వీణ మీద ఒక గమకం మెల్లగా సన్నగిల్లి ఆగిపోయే చోట, మృదంగం మీద దెబ్బ పడ్డాక మిగిలే నాదం కరిగిపోయే చోట, శ్రద్ధగా వినేవారికి ఆ లోటు తగులుతుంది.

వై-ఫై మీద పనిచేసే స్పీకర్లు బ్లూటూత్ కన్నా మెరుగు, వాటిలో పాటను కుదించకుండానే పంపవచ్చు. అయితే ఇళ్ళూ అపార్ట్‌మెంట్లూ ఒకదానినొకటి ఆనుకుని ఉండే పటమట వంటి చోట 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల పట్టీలో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ పోటీపడుతూ ఉంటాయి. బ్లూటూత్‌ది కూడా అదే పట్టీ, మైక్రోవేవ్ ఓవెన్ నుంచి బయటికి జారే తరంగాలూ అక్కడే ఉంటాయి. బ్లూటూత్ ఆ రద్దీలో దారి వెతుక్కోవడానికి సెకనుకు 1,600 సార్లు ఛానలు మారుతూ ఉంటుంది, అయినా ఒక్కొక్కసారి తడబడుతుంది. రాగాలాపన మధ్యలో అరసెకను పాటు ధ్వని తెగిపోవడం కన్నా ఏకాగ్రతను చెదరగొట్టేది మరొకటి ఉండదు. వైరుకు ఈ బాధ లేదు.

మన్నిక గురించి కూడా ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్ళ నాటి మామూలు స్పీకరును ఈరోజు కొన్న ఆంప్లిఫయర్‌కు కలిపితే మోగుతుంది, ఎందుకంటే ఎర్ర, నల్ల టెర్మినళ్ళ ఏర్పాటు మారలేదు. వైర్‌లెస్ స్పీకరు ఆయుష్షు మాత్రం దానిని నడిపే యాప్ మీద ఆధారపడి ఉంటుంది. తయారీదారు ఆ యాప్‌ను సరిచేయడం మానేసిన రోజున, స్పీకరు చెక్కుచెదరకుండా ఉన్నా దాని సగం పనులు ఆగిపోతాయి. కట్టిన ఇల్లు ఎన్ని దశాబ్దాలు ఉంటుందో, అందులోని స్పీకర్లు కూడా అంతకాలం ఉండాలని కోరుకోవడం అత్యాశేమీ కాదు.

ఇప్పుడు పని సంగతి. స్పీకరు వైరును గోడలో నేరుగా పూడ్చవద్దు. 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు వేయించి, ఎప్పుడైనా వైరు మార్చుకోవడానికి వీలుగా లోపల ఒక జీఐ (జింకు పూసిన ఇనుప) తీగను ఉంచండి. టీవీ వెనుక నుంచి కింది బల్ల వరకు మాత్రం 40 లేదా 50 మిల్లీమీటర్ల పైపు అవసరం, ఎందుకంటే హెచ్‌డీఎంఐ కేబుల్ తల వెడల్పుగా ఉండి సన్న పైపులోని మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. మలుపుల వద్ద ఎల్‌బోలు కాకుండా పొడవాటి బెండ్లు వేయమని గట్టిగా చెప్పండి. మీ హాలు కొలతల ప్రకారం వెనుక స్పీకర్ల వరకు గోడ వెంబడి సుమారు 12 మీటర్లు పడుతుంది. స్పీకరు ఇంపిడెన్స్‌లో, అంటే కరెంటుకు అది చూపే, ఓములలో కొలిచే అడ్డంకిలో, 5 శాతానికి మించి వైరు అడ్డుపడకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు రానూపోనూ 24 మీటర్లకు దాదాపు 0.32 ఓములు అడ్డుపడుతుంది. ఇది 8 ఓముల స్పీకరుకు సరిపోతుంది, 4 ఓముల స్పీకరుకు సరిపోదు. 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే 0.19 ఓములే కనుక రెండింటికీ పనికివస్తుంది. భవిష్యత్తులో ఏ స్పీకరు కొంటారో ఇప్పుడు తెలియదు కాబట్టి 2.5 వేయించండి.

కరెంటు లైనూ స్పీకరు లైనూ ఒకే పైపులో ఎట్టి పరిస్థితిలోనూ వెళ్ళకూడదు. ఇది మొదట భద్రతకు సంబంధించిన విషయం, ఆ తరువాతే ధ్వనికి సంబంధించినది. గుంటూరులో మా ఇల్లు కట్టించేటప్పుడు పని త్వరగా ముగించాలన్న తొందరలో, సబ్‌వూఫర్‌కు (లోతైన ధ్వనులు పలికించే స్పీకరుకు) వెళ్ళే సన్నపాటి సిగ్నల్ వైరును ప్లగ్గుల లైను ఉన్న పైపులోనే లాగించడానికి నేను ఒప్పుకున్నాను. గృహప్రవేశం నాడు సబ్‌వూఫర్ ఆన్ చేయగానే, పాట ఏదీ పెట్టకముందే, తుమ్మెద రొద వంటి సన్నని మోత మొదలైంది. అది మన ఇళ్ళకు వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు తాలూకు మోత. ఫ్యాను వేస్తే అది వినబడేది కాదు. రాత్రి పది దాటి వీధి సద్దుమణిగాక మాత్రం ప్రతి కీర్తన వెనుకా అది ఉండేది. చివరకు రంగులు వేసిన గోడనే మళ్ళీ చెక్కించవలసి వచ్చింది. మీరు ఆ రెండు పైపుల మధ్య కనీసం ఒక అడుగు దూరం ఉంచండి, దాటవలసి వస్తే అడ్డంగా, కూడలి ఆకారంలో దాటించండి.

పైపులు వేశాక ప్లాస్టరింగ్ మొదలయ్యే ముందు రోజు, ప్రతి గోడనూ పక్కన టేపు పెట్టి ఫోనులో ఫొటో తీసుకోండి. రేపు ఫొటోఫ్రేముకు మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటోలే దిక్కు. అబ్బాయి మాటను కూడా పూర్తిగా తీసిపారేయకుండా, వెనుక స్పీకర్ల దగ్గర ఒక ప్లగ్గు పాయింటు విడిగా పెట్టించండి. అతనికి ఎప్పుడైనా కావాలంటే ఉంటుంది.

ప్రశ్న: బ్రాడీపేటలో అద్దె ఇంట్లో ఉంటున్నాము. ఇంటివారు గోడకు రంధ్రం వేయనివ్వరు. టీవీని బ్లూటూత్ స్పీకరుకు కలిపితే మాట పెదవుల కదలిక కన్నా ఆలస్యంగా వినబడుతోంది. అదే స్పీకరును ఫోనుకు కలిపి సినిమా చూస్తే ఏ తేడా ఉండదు. లోపం టీవీలోనా, స్పీకరులోనా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: రెండింటిలోనూ లోపం లేదమ్మా. ధ్వనిని కుదించి, గాలిలో పంపి, స్పీకరులో విప్పి, తెగిపోకుండా ఉండేందుకు కొంత నిలవ చేసుకుని అప్పుడు వినిపించడానికి బ్లూటూత్‌కు సాధారణంగా సెకనులో అయిదో వంతు అటూ ఇటూగా పడుతుంది. కృష్ణ ఒడ్డున దూరంగా రేవులో బట్టలు ఉతుకుతున్నవారిని చూస్తే, బండ మీద బట్ట పడడం ముందు కనబడి, దెబ్బ తరువాత వినబడుతుంది కదా. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 345 మీటర్లు వెళుతుంది కనుక, మీ టీవీలోని మనిషి దాదాపు 70 మీటర్ల అవతల నిలబడి మాట్లాడుతున్నట్లు లెక్క. కళ్ళు దీనిని ఇట్టే పసిగడతాయి.

ఫోనులో తేడా రాకపోవడానికి కారణం ఉంది. ఫోనులోని చాలా యాప్‌లు ధ్వని ఎంత ఆలస్యమవుతుందో తెలుసుకుని, బొమ్మను కూడా అంతసేపు ఆపి చూపిస్తాయి. కేబుల్ ఛానలును చూపించే టీవీ చాలాసార్లు ఆ పని చేయదు. సెట్టింగులలో ఉండే ఆడియో డిలే అనే అమరిక చాలా టీవీలలో ధ్వనిని ఇంకా ఆలస్యం చేయడానికే గానీ ముందుకు జరపడానికి కాదు. అందుచేత దానితో కుస్తీ పట్టవద్దు.

మీకు తగిన పరిష్కారం ఒక చిన్న వైరు. టీవీకి ఇయర్‌ఫోను గుచ్చే 3.5 మిల్లీమీటర్ల రంధ్రం, స్పీకరుకు ఆక్స్ అని రాసిన రంధ్రం ఉంటే రెండింటినీ కలిపే కేబుల్ ఒకటి కొంటే చాలు. గవర్నర్‌పేటలోనైనా మీ బ్రాడీపేటలోనైనా ఎలక్ట్రానిక్స్ దుకాణాలలో అడిగితే ఇస్తారు. టీవీకి ఆ రంధ్రం లేక ఆప్టికల్ అని రాసిన చదరపు రంధ్రం మాత్రమే ఉంటే, మధ్యలో డిజిటల్ సిగ్నలును మామూలు ధ్వని సిగ్నలుగా మార్చే డ్యాక్ అనే చిన్న పెట్టె పెట్టి, టీవీ సెట్టింగులలో డిజిటల్ ఆడియోను పీసీఎంకు (కుదించని ధ్వని రూపానికి) మార్చాలి. ఈ మార్పు చేయకపోతే కొన్ని ఛానళ్ళు మూగబోతాయి, పెట్టె పాడైందనుకుని చాలామంది వెనక్కి ఇచ్చేస్తారు. గోడకు దెబ్బ తగలకుండా వైరును దాచడానికి, అంటించుకునే పీవీసీ కేసింగ్ పట్టీని గచ్చుకు ఆనుకుని ఉండే టైలు మీద అంటించండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి లాగితే ఊడివస్తుంది.

కొత్తది కొనే ఆలోచన ఉంటే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉన్న సౌండ్‌బార్ కొనండి. ఇది 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 నుంచి ఉన్న సదుపాయం. ఒక్క కేబుల్‌తో ధ్వని వెళుతుంది, టీవీ రిమోటుతోనే సౌండు తగ్గించవచ్చు, పెంచవచ్చు.

ప్రశ్న: భవానీపురంలో ఒక దుకాణంలో, ఆక్సిజన్ లేని రాగితో చేసిన వైరైతేనే స్పీకర్లు బాగా పలుకుతాయని చెప్పి మామూలు వైరుకు అయిదారు రెట్లు ధర చెబుతున్నారు. అంత పెట్టడం అవసరమా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అవసరం లేదు. మంచి ఎలక్ట్రికల్ రాగికీ దానికీ విద్యుత్తును ప్రవహింపజేసే శక్తిలో తేడా ఒక శాతం ఉంటే గొప్ప. మందం అరమిల్లీమీటరు పెంచితే అంతకు ఎన్నో రెట్లు లాభం వస్తుంది. మీరు జాగ్రత్త పడవలసినది మరొకచోట ఉంది. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న వైర్లు బజారులో చవకగా దొరుకుతాయి, చూడడానికి అచ్చం రాగిలాగే ఉంటాయి. అదే మందంలో అవి రాగి కన్నా దాదాపు సగం ఎక్కువ అడ్డుపడతాయి. పైగా వంచితే త్వరగా విరుగుతాయి. దుకాణంలోనే ఒక పోగు బయటికి లాగి చాకుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి, వెండి రంగు బయటపడితే అల్యూమినియం. పైన తెల్లగా ఉండి గీకితే ఎర్రబడేది తగరం పూసిన రాగి, దానికి భయపడనక్కరలేదు. చేతిలో పట్టుకుంటే బరువులోనే తేడా తెలిసిపోతుంది, రాగి అల్యూమినియం కన్నా మూడు రెట్లకు పైగా బరువు.

వైరు బిగించేటప్పుడు ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు తారుమారైతే, ఒకటి ముందుకు నెట్టే గాలిని రెండవది వెనక్కి లాగుతుంది. మృదంగంలో తొప్పి పలికే గంభీరత పోయి, గాయకుడు రెండు స్పీకర్ల నడుమ కాకుండా ఎక్కడో చెల్లాచెదురుగా ఉన్నట్లు వినబడుతుంది. ఖరీదైన వైరు కొన్నాక కూడా ధ్వని పలచగా ఉందని బాధపడేవారి ఇళ్ళలో నేను చూసినది చాలాసార్లు ఇదే. దీనికి గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్లుతో పరీక్ష ఉంది. ఆంప్లిఫయర్ దగ్గర వైర్లు విప్పి, ఆంప్లిఫయర్ ఎర్ర టెర్మినల్ నుంచి విప్పిన పోగును సెల్లు ధన ధ్రువానికి, రెండవ పోగును రుణ ధ్రువానికి ఒక్క క్షణం తాకించండి. టప్‌మని చిన్న చప్పుడుతో స్పీకరు శంకువు ముందుకు వస్తే వైరు సరిగా ఉన్నట్లు, లోపలికి పోతే తారుమారైనట్లు. సెల్లును ఎక్కువసేపు ఆనించి ఉంచవద్దు, సన్నని ధ్వనులు పలికే చిన్న స్పీకరు అయిన ట్వీటరు మీద ఈ పరీక్ష చేయవద్దు.

కృష్ణ పక్కన గాలిలో తేమ ఎక్కువ కనుక, విప్పిన రాగి కొసలు కొన్నేళ్ళకు పచ్చబడతాయి. అప్పుడు కొస ఒక అంగుళం కత్తిరించి కొత్తగా ఒలిచి బిగిస్తే చాలు.

ప్రశ్న: అరండల్‌పేటలో ఉండే మా అమ్మగారికి 78 ఏళ్ళు. పొద్దున్నే సుప్రభాతం, ఆ తరువాత స్తోత్రాలు వింటారు. బ్లూటూత్ స్పీకరు కొనిచ్చాము గానీ, నేను ఫోను తీసుకుని బయటికి వెళ్ళగానే పాట ఆగిపోతోంది. మధ్యలో ఫోను మోగితే ఆ మోత కూడా స్పీకరులోనే వస్తోంది. ఆవిడ కంగారు పడుతున్నారు.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మామూలు బ్లూటూత్ ఇంట్లో పది మీటర్ల దాకా, గోడలు అడ్డుంటే అంతకన్నా తక్కువ దూరమే అందుతుంది. ఆవిడ పాటను మీ జేబులోని ఫోనుకు కట్టేయకండి. పెన్‌డ్రైవ్ లేదా మెమొరీ కార్డు పెట్టుకునే సదుపాయం, రేడియో, చేతికి అందే పెద్ద మీటలు ఉన్న స్పీకరు తీసుకుని, ఆవిడ వినే వరసలోనే పాటలు ఎక్కించి ఇవ్వండి. ఆన్ చేస్తే మోగాలి, ఆపితే ఆగాలి, అంతకు మించి ఆవిడకు ఏమీ అక్కరలేదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైన నాటి నుంచి ఈ ప్రాంతపు పెద్దవారికి పొద్దుట రేడియో వినడం అలవాటు కనుక, రేడియో ఉన్నది చూసి కొనండి. స్పీకరులోని లిథియం బ్యాటరీకి మన వేసవి పడదు. ఎండ తగిలే కిటికీ గట్టు మీద కాకుండా దేవుడి గదిలో లోపలివైపు ఉంచండి. దీపానికి దూరంగా పెట్టండి.

ప్రశ్న: లక్ష్మీపురంలో మాది రెండంతస్తుల సొంత ఇల్లు, కట్టి ఎనిమిదేళ్ళయింది. హాలు, వంటిల్లు, పై గది, డాబా అన్నింటిలోనూ ఒకే పాట వినబడాలని కోరిక. గోడలు మళ్ళీ చెక్కించలేము. మాకు వైర్‌లెస్సే గతి అనుకుంటున్నాము, సరైనదేనా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీకు వైర్‌లెస్సే సరైనది. అన్ని గదుల్లో ఒకే పాట, అదీ గోడలు ముట్టుకోకుండా అంటే వై-ఫై స్పీకర్లకు సాటి లేదు. బ్లూటూత్ ఒక ఫోను నుంచి దగ్గరలోని ఒకటి రెండు స్పీకర్లకు పంపడానికే ఎక్కువగా ఉద్దేశించినది. వై-ఫై స్పీకర్లు ఇంటి రౌటర్ ద్వారా పాటను ఎవరికి వారే తెచ్చుకుని, ఒకదానితో ఒకటి వేళ సరిచూసుకుంటాయి. అందువల్ల మెట్లెక్కుతున్నప్పుడు కింది పాట, పై పాట ఒకదాని వెనుక ఒకటి పరుగెత్తవు. అన్నీ ఒకే వ్యవస్థకు చెందినవై ఉండాలి, ఇది మరచిపోవద్దు.

కొనే ముందు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. రౌటర్‌ను మామూలుగా ఉండే చోటనే ఉంచి, స్పీకరు పెట్టదలచిన ప్రతిచోటా ఫోను పట్టుకుని నిలబడి, ఒక వీడియో ఆగకుండా ఆడుతుందేమో అయిదు నిమిషాలు చూడండి. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో రద్దీ తక్కువ గానీ శ్లాబును దాటడం దానికి కష్టం, 2.4 గిగాహెర్ట్జ్ శ్లాబును కొంత మెరుగ్గా దాటుతుంది గానీ అక్కడ రద్దీ ఎక్కువ. పై గదిలో వీడియో ఆగితే స్పీకర్ల మీద డబ్బు పెట్టకముందే పై అంతస్తుకు రెండో రౌటర్ ఏర్పాటు చేయించండి. ఆ రెండు రౌటర్ల నడుమ మాత్రం, మెట్ల పక్కగా బయటి గోడ మీదుగానైనా సరే, క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబుల్ ఒకటి లాగించండి. అది 100 మీటర్ల వరకు పనిచేస్తుంది, మీ ఇంటికి పది పదిహేను మీటర్లు చాలు.

రౌటర్‌కు ఇన్వర్టర్ కనెక్షన్ ఉందో లేదో కూడా చూసుకోండి. కరెంటు పోయినప్పుడు స్పీకర్లు ఇన్వర్టర్ మీద వెలుగుతూనే ఉండి, రౌటర్ ఆగిపోయినందున ఏమీ మోగకపోవడం చాలా ఇళ్ళలో జరుగుతుంది. స్పీకరుకు ఆక్స్ లేదా ల్యాన్ రంధ్రం ఉన్న మోడలు ఎంచుకుంటే, రేపు యాప్ పనిచేయని రోజు వచ్చినా అది మూలన పడదు. డాబా మీద శాశ్వతంగా ఏదీ బిగించవద్దు. ఎండకూ వానకూ నిలిచేవి ఖరీదైనవి, మీ అవసరం సాయంత్రం ఒకటి రెండు గంటలే. వై-ఫై, బ్లూటూత్ రెండూ ఉన్న బ్యాటరీ స్పీకరు ఒకటి తీసుకుని, పైకి వెళ్ళేటప్పుడు చేత్తో తీసుకెళ్ళండి.